అనుమానం చాలు: కోలారు జిల్లా బడుల్లో బాలలపై వేధింపుల గుర్తింపు, ఫిర్యాదు విషయంలో ఉపాధ్యాయుల బాధ్యత

ఉపోద్ఘాతం

కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో విడుదల చేసిన అధ్యయనం ఆంధ్రప్రదేశ్ సహా 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను పలకరించింది. వారిలో 53.22 శాతం మంది ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపుకు గురయ్యామన్నారు. వేధించినవారిలో సగం మంది పిల్లలకు తెలిసినవారు, నమ్మకస్తులు. జరిగింది ఎవరితోనూ చెప్పుకోని పిల్లలే ఎక్కువ. చెప్పుకోలేని పిల్లల తరఫున చెప్పవలసిన పెద్దలెవరు? ఇంటి తర్వాత రోజూ బిడ్డ ముఖం చూసే మనిషి ఉపాధ్యాయుడే. హాని జరిగిందని నిరూపించే భారం ఉపాధ్యాయుడిది కాదు. అనుమానం కలిగిన వెంటనే చట్టం చెప్పిన చోట తెలియజేయడం వరకే అతని బాధ్యత. ‘ముందు మనలో మనం విచారిద్దాం’ అంటూ బడి చేసే జాప్యం బిడ్డకు రెండో హాని అవుతుంది. కర్ణాటకలోని కోలారు జిల్లా పరిస్థితుల ఆధారంగా ఈ వ్యాసం చేసే వాదన ఇదే.

ప్రాంత నేపథ్యం

కోలారు బంగారు గనుల్లో (కేజీఎఫ్) జాన్ టేలర్ కంపెనీ 1880లో ఆధునిక తవ్వకాలు మొదలుపెట్టింది. తర్వాత వాటిని నడిపిన భారత్ గోల్డ్ మైన్స్ 2001 ఫిబ్రవరి 28న మూతపడింది. గనులు పోయినా కార్మికుల వరుస ఇళ్లలో (లైన్లలో) కుటుంబాలు మిగిలాయి. ఈ ప్రాంతపు మొదటి ప్రత్యేకత, బతుకుదెరువు బెంగళూరుకు మారడం. మారికుప్పం నుంచి బంగారుపేట మీదుగా వెళ్లే రైళ్లలో వేకువనే బయలుదేరిన తల్లిదండ్రులు చీకటిపడ్డాకే ఇల్లు చేరతారు. ఈలోగా బిడ్డ అవ్వ దగ్గరో, పక్కింట్లోనో, ట్యూషన్లోనో ఉంటుంది. ఈ ఏర్పాటు కుటుంబాల తప్పు కాదు, పొట్టకూటి అవసరం. అయితే పగటిపూట బిడ్డలో వచ్చే మార్పును గమనించే అవకాశం దాదాపుగా బడికే మిగులుతుంది.

రెండో ప్రత్యేకత భాష. ముళబాగిలు, శ్రీనివాసపురం, బంగారుపేట, కేజీఎఫ్ తాలూకాల్లో ఎందరో పిల్లలకు ఇంటి భాష తెలుగు, బడి భాష కన్నడం. లైన్లలో తమిళం కూడా వినిపిస్తుంది. మూడోది పాలనాపరమైన హద్దులు. రెవెన్యూ లెక్కల్లో కేజీఎఫ్ కోలారు జిల్లాలోనిదే అయినా, పోలీసు వ్యవస్థలో దానికి సొంత ఎస్పీ ఉన్నారు. తూర్పున హద్దు దాటితే ఆంధ్రప్రదేశ్. సెలవులకు కుప్పం వైపో, వి.కోట వైపో బంధువుల ఇంటికి వెళ్లిన బిడ్డకు అక్కడ హాని జరిగితే, అది బయటపడేది తిరిగి వచ్చాక ఇక్కడి తరగతి గదిలో.

చట్టం అడిగేది

2012 నవంబర్ 14న అమల్లోకి వచ్చిన లైంగిక నేరాల నుంచి బాలల రక్షణ (పోక్సో) చట్టం 19వ సెక్షన్ ప్రకారం, బాలలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరిగే అవకాశం ఉందన్న భయం కలిగినా, ఆ సంగతి స్థానిక పోలీసులకో ప్రత్యేక బాలల పోలీసు విభాగానికో చెప్పి తీరాలి. ఈ బాధ్యత ప్రతి వ్యక్తిదీ. ప్రధానోపాధ్యాయుడి చెవిన వేసినంత మాత్రాన ఉపాధ్యాయుడి బాధ్యత తీరదు, ఎందుకంటే చట్టం పేర్కొన్నది పోలీసులను. 21వ సెక్షన్ కింద చెప్పనివారికి ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. తన కింద పనిచేసేవారి నేరాన్ని దాచిన సంస్థాధిపతికి ఏడాది వరకు జైలు, జరిమానా. సదుద్దేశంతో చెప్పినవారికి మాత్రం చట్టం రక్షణ కల్పించింది. చెప్పింది తర్వాత రుజువు కాకపోయినా సరే.

మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలో ఒక పాఠశాల హాస్టల్ బాలికలపై జరిగిన అఘాయిత్యం తెలిసీ చెప్పలేదన్న ఆరోపణపై ఒక వైద్యుడి మీద పెట్టిన కేసును హైకోర్టు కొట్టివేసింది. సుప్రీంకోర్టు 2022 నవంబర్‌లో ఆ తీర్పును రద్దు చేసి, తెలిసీ చెప్పకపోవడం తీవ్రమైన నేరమని స్పష్టం చేసింది.

లైంగికం కాని హింసకు వేరే చట్టాలున్నాయి. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో దండనను, మానసిక వేధింపును నిషేధించింది. 2015 బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ ప్రకారం, పిల్లల సంరక్షణ అప్పగించిన సంస్థ సిబ్బందే క్రూరత్వానికి పాల్పడితే ఐదేళ్ల వరకు కఠిన శిక్ష పడుతుంది. పెళ్లీడు రాకుండానే పెళ్లి ముప్పు ఎదుర్కొంటున్న బాలికను కూడా ఆ చట్టం సంరక్షణ అవసరమైన బాలికగానే గుర్తించింది. అలాంటి విషయాలు బాలల సంక్షేమ సమితి ముందుకు రావాలి.

గుర్తించడం ఎలా

గాయం కనిపిస్తే ఎవరైనా గుర్తిస్తారు. ఉపాధ్యాయుడి దృష్టి చేరవలసింది కనిపించని చోటికి. చదువులో హఠాత్తుగా వెనకబడటం, గంట కొట్టినా ఇంటికి కదలకపోవడం, ఫలానా మనిషి పేరెత్తితే బిగుసుకుపోవడం, కూర్చోవడానికి ఇబ్బంది పడటం, వయసుకు మించిన లైంగిక పరిజ్ఞానం, వరుసగా గైర్హాజరు. ఏ ఒక్కటీ రుజువు కాదు. రెండు మూడు కలిసి వచ్చినప్పుడు మాత్రం పట్టించుకోకుండా ఉండటానికి వీల్లేదు.

బిడ్డతో మాట్లాడే తీరు చాలా ముఖ్యం. ‘వాడు నిన్ను ముట్టుకున్నాడా?’ అని అడిగితే జవాబును మనమే నోట్లో పెట్టినట్టు. ‘ఏమైంది కన్నా?’ అని అడిగి ఊరుకోవాలి. ‘మిస్సూ, ఎవరికీ చెప్పొద్దు’ అని బిడ్డ బతిమాలితే, చెప్పనని మాటివ్వకూడదు. ‘నిన్ను కాపాడగలిగేవాళ్లకే చెప్తాను, తప్పు నీది కాదు’ అనాలి. తర్వాత తేదీ, సమయం వేసి, బిడ్డ అన్న మాటలను అన్నవి అన్నట్టు రాసుకోవాలి. తెలుగులో చెప్పింది తెలుగులోనే రాయాలి. కన్నడంలోకి మార్చే తొందర అక్కర్లేదు, ఎందుకంటే అవసరమైతే అనువాదకుడిని ఏర్పాటు చేయాలని చట్టమే చెబుతోంది. మళ్లీ మళ్లీ అడగటం, నలుగురి ముందు చెప్పించడం, నిందితుడిని పిలిచి ఎదురెదురుగా నిలబెట్టడం బిడ్డను మరింత గాయపరుస్తాయి, సాక్ష్యాన్నీ చెడగొడతాయి.

యలువహళ్ళి చెప్పే పాఠం

2023 డిసెంబర్‌లో మాలూరు తాలూకా యలువహళ్ళిలోని మొరార్జీ దేశాయి ఆశ్రమ పాఠశాలలో విద్యార్థులను మలగుంతలోకి దింపి శుభ్రం చేయించిన దృశ్యాలు వెలుగులోకి వచ్చాయి. ప్రిన్సిపాల్‌ను, ఒక ఉపాధ్యాయుడిని పోలీసులు అరెస్టు చేశారు. అదే సమయంలో, బాలికలను రహస్యంగా చిత్రీకరించాడన్న ఆరోపణపై అక్కడి ఉపాధ్యాయుడిపై పోక్సో కేసు నమోదైంది. దాన్ని కొట్టివేయడానికి కర్ణాటక హైకోర్టు 2024లో నిరాకరించింది.

దోషం ఎవరిదో న్యాయస్థానాలు తేలుస్తాయి. పరిశోధకులు ఆలోచించవలసింది వేరే. ఆశ్రమ పాఠశాలలో బిడ్డకు బడీ ఇల్లూ ఒకటే. హాని చేసే చేయి, ఫిర్యాదు అందుకునే చేయి ఒకటే అయితే బిడ్డకు దారి మూసుకుపోయినట్టే. ఇలాంటి చోట పై అధికారి అనుమతి కోసం ఎదురుచూడని సహోద్యోగే బిడ్డకు మిగిలిన దిక్కు. పోక్సో చట్టం విద్యాసంస్థ సిబ్బంది చేసే లైంగిక నేరానికి హెచ్చు శిక్ష పెట్టింది కూడా ఈ నమ్మకద్రోహం వల్లే.

అడ్డంకులు, సూచనలు

ఉపాధ్యాయులను వెనక్కి లాగేది భయం: ఊరితో వైరం, బడి పరువు, బదిలీ, కోర్టుల చుట్టూ తిరగాల్సి రావడం. ఈ భయం నిజమైనదే. నైతిక బోధతో అది పోదు, ఏర్పాట్లతో తగ్గుతుంది.

ఒకటి, ప్రతి బడిలో ఒక పేజీ ఫిర్యాదు నమూనా, స్థానిక ఠాణా, జిల్లా బాలల సంరక్షణ విభాగం నంబర్లు సిద్ధంగా ఉండాలి. కేజీఎఫ్ బడుల్లో కేజీఎఫ్ పోలీసు జిల్లా నంబర్లే ఉండాలి. బాలల సహాయవాణి 1098 సహాయం తీసుకోవచ్చు. అయినా పోలీసులకు సమాచారం చేరిందని ఉపాధ్యాయుడు రూఢి చేసుకోవాలి. రెండు, నేరం ఏ ప్రాంతంలో జరిగినా ఫిర్యాదు తీసుకోవాలని 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతోంది. సరిహద్దు తాలూకాలకు ఇది పెద్ద ఆసరా, ఉపాధ్యాయ శిక్షణలో చేరాలి. మూడు, 2020 పోక్సో నియమాలు చెప్పిన సిబ్బంది శిక్షణ, పోలీసు తనిఖీ వంటవారు, కాపలాదారులు, డ్రైవర్ల విషయంలోనూ అమలు కావాలి. నాలుగు, ఫిర్యాదు చేసిన ఉపాధ్యాయుడిని ఆ కారణంగా బదిలీ చేయబోమని విద్యాశాఖ రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి.

ముగింపు

ఫిర్యాదు అందిన 24 గంటల్లో పోలీసులు బాలల సంక్షేమ సమితికి, ప్రత్యేక కోర్టుకు తెలియజేయాలి. బిడ్డ వాంగ్మూలాన్ని ఇంట్లోనో, బిడ్డ కోరిన చోటో, యూనిఫాం లేని అధికారి నమోదు చేయాలి. ఇంత ఏర్పాటున్నా ఎవరో ఒకరు మొదటి మాట చెప్పేదాకా ఇందులో ఏదీ కదలదు. ఆ మొదటి మాటను ఉపాధ్యాయ వృత్తి ధర్మంలో భాగంగా గుర్తించి, డీఎడ్, బీఎడ్ పాఠ్యప్రణాళికల్లో పాఠ్యబోధనతో సమానమైన స్థానం ఇవ్వడం ఇక వాయిదా వేయదగిన పని కాదు.