పదాది హల్లుల జంటలు: తెలుగులో ఒక రాకపోక

ఒక అచ్చు, దానికి ముందూ వెనుకా చేరే హల్లులు కలిసి ఒక్క ఊపులో పలికే ముక్కను ఇక్కడ అక్షరం అంటున్నాం. రాతలోని అక్షరంతో దీన్ని కలపకండి: 'అక్క'ను పలుకుబడిలో అక్-క అని విడదీయాలి. అచ్చు చుట్టూ ఎన్ని హల్లులకు చోటివ్వాలన్నది ఒక్కో భాషలో ఒక్కో తీరు. ఇంగ్లీషులో 'స్ట్రీట్' అంతా ఒకే అక్షరం. అచ్చుకు ముందే మూడు హల్లులున్నాయి. జపాను భాష అంత గుంపును ఒప్పుకోదు. సమ్మె అనే అర్థంలో 'స్ట్రైక్' అక్కడ 'సుతొరైకి' అయింది. మనం బస్సు, బ్యాంకు అనడమూ ఇలాంటిదే.

ఈ కట్టుబాట్లు మారవని అనుకోకండి. మూలద్రావిడంలో పదం మొదట హల్లుల జంట ఉండేది కాదని భాషావేత్తల నిర్ణయం. తమిళం ఆ స్థితిని చాలావరకు నిలుపుకొంది. తమిళ 'విరల్' పక్కన మన కావ్యాల్లోని 'వ్రేలు'ను, 'మరం' పక్కన 'మ్రాను'ను పెట్టి చూడండి. తెలుగులో రేఫ తన ముందున్న అచ్చును దాటి మొదటి హల్లుకు అంటుకుంది. అచ్చులు రెండూ కలిసి దీర్ఘమయ్యాయి. దీనినే వర్ణవ్యత్యయం అంటారు. మొదట హల్లే లేని చోట జంట ఏర్పడలేదు, రేఫే పదాదికి వచ్చింది: తమిళంలో 'ఉరల్', మనకు 'రోలు'. భద్రిరాజు కృష్ణమూర్తిగారి 'తెలుగు వెర్బల్ బేసెస్' (1961) ఈ మార్పును వివరంగా చర్చించింది.

ఇంత దూరం జరిగి వచ్చిన రేఫ వాడుకలో నిలవలేదు. 11వ శతాబ్దంలో నన్నయ భాషలో కనిపించే ఈ జంటలు తరువాత నోటి మాటలో సడలిపోయాయి: వేలు, మాను, కొత్త, తాగు, మింగు, బతుకు. వాడుక సంస్కృత పదాలనూ వదల్లేదు. తెలంగాణ పల్లెల్లో 'ప్రాణం' 'పానం' అయింది. దీన్ని నోరు తిరగని మాటగా ఎగతాళి చేసేవారున్నారు. వారు మాత్రం 'నీళ్లు త్రాగాను' అంటున్నారా? 'తాగాను' అన్నప్పుడు పోయిందీ ఆ రేఫే. పోనీ, 'వ్రేలు'నే మొదటి శుద్ధరూపం అందామంటే, అదీ 'విరల్' వంటి పాత రూపం మారగా వచ్చినదే.

మీ ఇంటి పెద్దలు ప్రయాణం, గ్రహణం, ప్రపంచం అనే మాటలను ఎలా పలుకుతారో విని, విన్నది విన్నట్టే రాసిపెట్టుకోండి. మీరు దిద్దవద్దు, వారినీ దిద్దవద్దు. పదమధ్యంలోని జంటలను పరిశీలించేటప్పుడు ఆ జాబితా మీకు అవసరమవుతుంది.