గ్రీకుల స్వాతంత్ర్యం: సరిహద్దు ఆవల మిగిలినవారు



ఒక జాతి అంటే ఎవరు? ఒకే భాష మాట్లాడేవారా, ఒకే మతం వారా? పందొమ్మిదో శతాబ్దంలో ఐరోపాను కుదిపిన ఈ ప్రశ్న గ్రీకుల బతుకులను ఎలా మార్చిందో ఈ రోజు చెప్పుకుందాం.

1453లో కాన్‌స్టాంటినోపుల్ తురుష్కుల వశమైంది. ఆ తర్వాత గ్రీకులు చాలామంది దాదాపు నాలుగు శతాబ్దాలు ఆటోమన్ సుల్తానుల ఏలుబడిలో ఉన్నారు. ఆ సామ్రాజ్యంలో ప్రజలను మతాన్ని బట్టి లెక్కపెట్టేవారు. గ్రీకు మాట్లాడినా, బల్గేరియన్ మాట్లాడినా ఆర్థడాక్స్ క్రైస్తవులంతా ఒకే సముదాయం.

మనం గ్రీకులం, మనకొక రాజ్యం కావాలి అన్న మాట బలంగా లేచింది దూరదేశాల్లో ఉన్న గ్రీకుల నుంచి. కొరాయిస్ అనే పండితుడు స్మిర్నా రేవు పట్టణంలో పుట్టి పారిస్‌లో స్థిరపడ్డాడు. ప్రాచీన గ్రీకు గ్రంథాలను పరిష్కరించి అచ్చువేయించాడు. విప్లవ గీతం రాసిన రిగాస్‌ను 1798లో బెల్‌గ్రేడ్‌లో చంపించారు. 1814లో ఒడెస్సాలో ముగ్గురు గ్రీకులు కలిసి ఫిలికి ఎతేరియా అనే రహస్య సంఘం పెట్టారు.

1821 మార్చిలో తిరుగుబాటు మొదలైంది. మరుసటి ఏడు ఖియోస్ ద్వీపంలో వేలాదిమందిని ఊచకోత కోశారు. గ్రీకుల పక్షాన నిలిచిన ఆంగ్లకవి బైరన్ 1824లో మిస్సొలాంగిలో జ్వరంతో మరణించాడు. 1827లో నవరినో వద్ద బ్రిటిష్, ఫ్రెంచి, రష్యన్ నౌకలు ఆటోమన్, ఈజిప్టు నౌకాదళాన్ని ధ్వంసం చేశాయి. 1830లో గ్రీసు స్వతంత్ర రాజ్యమైంది. రాజుగా మాత్రం బవేరియా నుంచి పదిహేడేళ్ల ఆట్టోను తెచ్చారు.

అయితే శ్రోతలారా, ఆ చిన్న రాజ్యంలో ఉన్న గ్రీకుల కంటే బయట ఉండిపోయినవారే ఎక్కువ. కొరాయిస్ పుట్టిన స్మిర్నా సరిహద్దుకు ఆవలే ఉండిపోయింది. వారందరినీ కలుపుకోవాలన్న ఆశకు మహా సంకల్పం అని పేరు. ఆ ఆశతోనే 1919లో గ్రీకు సేన స్మిర్నాలో దిగింది. 1922లో ఓడిపోయింది. ఆ సెప్టెంబరులో స్మిర్నా తగలబడింది.

1923లో లోజాన్‌లో గ్రీసు, టర్కీ ప్రజల మార్పిడికి ఒప్పుకున్నాయి. సుమారు 12 లక్షల క్రైస్తవులు గ్రీసుకు, మూడున్నర లక్షలకు పైగా ముస్లింలు టర్కీకి చేరవలసి వచ్చింది. ఎవరు ఎటు పోవాలో తేల్చడానికి మతమే కొలబద్ద అయింది. కప్పడోకియాలో తరతరాలుగా టర్కీ భాష మాట్లాడిన క్రైస్తవులను గ్రీకులన్నారు. గ్రీకు తప్ప మరో మాట రాని క్రీటు ముస్లింలను తురుష్కులన్నారు.

ఇంట్లో ఒక భాష, బజారులో ఒక భాష మాట్లాడే మీకు ఆ బాధ వేరే చెప్పాలా? క్రీటు నుంచి వెళ్లినవారిలో కొందరు అయ్వాలిక్ ప్రాంతంలో కాపురం పెట్టారు. బయట టర్కీ భాష నేర్చుకున్నారు. ఇళ్లలో మాత్రం తరాల తరబడి గ్రీకే వినిపించింది.