మెరుపు పోయింది, రాయి పోలేదు

ఈ ఆదివారం రాయి కథ చెప్పుకుందాం. పోస్టు పొడుగే, టీ పెట్టుకుని కూర్చోండి.

రెనోవేషన్ పనిలో ఉన్నవాళ్ళు రోజూ వినే మాట ఇది: "కిచెన్ టాప్ పాతబడింది, పీకేసి కొత్తది వెయ్యండి." పాత ఫ్లాట్లలో గ్రానైటు గట్లు ఇంకా కనిపిస్తాయి. ఏళ్ళ తరబడి గిన్నెలు లాగితే ఏ రాయికైనా మెరుపు తగ్గుతుంది. పలక మందం 20 మిల్లీమీటర్లు అనుకుంటే, మళ్ళీ మెరుపు తేవడానికి పైనుంచి తీసేది ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. మిగతా రాయంతా అలాగే ఉంటుంది. ఆ కాస్త మెరుపు కోసం మొత్తం పలకని చెత్తలో పారేస్తున్నాం.

మనం ఉంటున్న చోటే రాతి చరిత్ర ఉంది. బుకిట్ తిమా కొండ గ్రానైటు కొండ. దాని పక్కన డైరీ ఫామ్ క్వారీ, సింగపూర్ క్వారీ, హిండీడ్ క్వారీ, అన్నీ ఒకప్పుడు రాయి తవ్విన గోతులే. ఇప్పుడవి పార్కులు. సెలవు రోజు మనం ఫోటోలు దిగే ఆ నిలువు గోడలు కూలీలు కొట్టిన రాళ్ళ గుర్తులు. 1924లో అధికారికంగా తెరిచిన జొహోర్ కాజ్‌వేకి రాయి ఈ కొండల నుంచీ, పులావ్ ఉబిన్ నుంచీ వెళ్ళింది. 1851లో వెలిగిన హార్స్‌బర్గ్ దీపస్తంభం కూడా ఉబిన్ గ్రానైటే. ఉప్పునీళ్ళ అలల మధ్య ఇప్పటికీ నిలబడి ఉంది. వంటింట్లో పులుసు గిన్నె కింద ఉన్న రాయి ముప్పై ఏళ్ళకే చచ్చిపోయిందంటే ఎలా నమ్మాలి?

మన ఊళ్ళలో అరిగిన రాయిని పారేసే అలవాటే లేదు. తిరగలి నున్నబడి పిండి సరిగ్గా పడకపోతే, కక్కు కొట్టేవాళ్ళు వీధిలోకి వచ్చేదాకా ఆగేవాళ్ళు. వాళ్ళు అరుగు మీద కూర్చుని ఉలితో చిన్న చిన్న గంట్లు పెట్టి ఇచ్చేవాళ్ళు. మళ్ళీ ఏళ్ళ తరబడి నడిచేది. అత్త తిరగలే కోడలికి వచ్చేది. అక్కడ నున్నబడిన రాయిని గరుకు చేస్తారు, ఇక్కడ గరుకు పడినదాన్ని నున్నగా చేస్తాం. పద్ధతి తిరగబడింది కానీ బుద్ధి ఒకటే.

ఇంకా వెనక్కి పోతే కాకతీయులు. హనుమకొండ వేయిస్తంభాల గుడి 1163 నాటిది. ఆ నల్లరాతి స్తంభాల నునుపు చూసినవాళ్ళకి తెలుసు. అక్కడి కల్యాణ మండపాన్ని 2006లో విప్పదీసి, మళ్ళీ కట్టి, 2024 మార్చిలో తెరిచారు. పనికొచ్చే పాత రాయిని తిరిగి వాడారు, పాడైన చోట కొత్త రాయి పెట్టారు. వంటగట్టుకైనా ఇంతకన్నా మంచి సూత్రం లేదు.

ఇంకో మాట. మీరు పీకే నల్ల పలకలో బంగారు చుక్కలుంటే, అది మన ప్రకాశం జిల్లా చీమకుర్తి రాయి కావచ్చు. బ్లాక్ గెలాక్సీ అంటారు. వ్యాపారంలో గ్రానైటు అంటారు గానీ భూగర్భ శాస్త్రం లెక్కలో అది గాబ్రో జాతి. ఆ చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం. గోధుమరంగు టాన్ బ్రౌన్ అయితే కరీంనగర్ వైపుది. మనకంటే ముందే సముద్రం దాటి వచ్చిన మన ఊరి రాయి అది.

మరి కొత్తగా ఏం వేస్తున్నారు? ఎక్కువగా క్వార్ట్జ్ టాపులు. ఇవి కొండలో పుట్టినవి కావు. రాతిపొడిని రెసిన్‌తో కలిపి నొక్కి చేసే పలకలు. ఇటలీలో 1963లో మొదలైన బ్రెటన్ కంపెనీ యంత్రాలతో ఈ పద్ధతి ప్రపంచమంతా పాకింది. చూడ్డానికి బాగుంటాయి, మరకలు తక్కువ. కానీ వేడి గిన్నె పెడితే రెసిన్ మాడుతుంది, ఆ మచ్చని తియ్యడం కష్టం. అంతకన్నా పెద్ద సంగతి దుమ్ము. చాలా రకాల్లో సిలికా 90 శాతం పైనే ఉంటుంది. పొడిగా కోస్తే ఆ సన్నపు దుమ్ము ఊపిరితిత్తుల్లో కూర్చుని సిలికోసిస్ తెస్తుంది. నయం చేసే మందు లేదు. జవాన్ వయసు కార్మికులు కూడా దీని బారిన పడుతుంటే ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి ఈ పలకల తయారీ, అమ్మకం, బిగింపు నిషేధించింది.

సింగపూర్‌కి ఈ జబ్బు కొత్త కాదు. క్వారీలు నడిచిన రోజుల్లో ఇక్కడి గ్రానైటు కార్మికులని పీడించిన వృత్తిరోగం ఇదే. ఇక్కడి పని గాయాల పరిహార చట్టం జాబితాలో సిలికోసిస్ ఉంది. గుర్తుపెట్టుకోండి.

"పాత రాయిని పాలిష్ చేస్తే మాత్రం దుమ్ము రాదా అన్నా?" అంటారు. గ్రానైటులోనూ సిలికా ఉంది, పొడిగా రుద్దితే వస్తుంది. అందుకే నీళ్ళు పోస్తూ రుద్దాలి. డైమండ్ ప్యాడ్లు 50 నుంచి మొదలుపెట్టి 100, 200, 400, 800, 1500, 3000 దాకా వరసగా మార్చాలి. ఒక నంబర్ ఎగ్గొడితే గీతలు ఉండిపోతాయి. చివర్లో సీలర్. "పని తగ్గిపోతుంది" అన్న భయం కూడా వద్దు. పీకడానికి బలం చాలు, పాలిష్‌కి చెయ్యి తిరగాలి. చెయ్యి తిరిగినవాడికి కూలీ అడిగే ధైర్యం వస్తుంది.

అన్ని గట్లూ బాగవుతాయని చెప్పను. సింకు దగ్గర అడ్డంగా ఆరపార పగిలినా, కింద ఆధారం కుంగినా మార్చాల్సిందే. అంచు పెచ్చు ఊడితే రంగు కలిపిన ఎపాక్సీ చాలు. మార్బుల్ అయితే నిమ్మరసం, చింతపండు పడిన చోట తినేసినట్టు మచ్చ వస్తుంది. అది కూడా పాలిష్‌తో పోతుంది, కానీ అలవాటు మారకపోతే మళ్ళీ వస్తుంది.

రేపు పనిలో ఎవరైనా "పీకెయ్" అంటే, ముందు గట్టు మీద నాలుగు చుక్కలు నీళ్ళు వేసి చూడండి. నీళ్ళు ఇంకి రాయి నల్లబడితే సీలర్ పోయిందని అర్థం. గీతలుంటే పాలిష్. చీలిక ఉంటేనే మార్పు. ఈ మాట ఇంటివాళ్ళకి చెప్పండి, వాళ్ళ డబ్బూ మిగులుతుంది. ఏ పని చేసినా నీళ్ళు, మాస్కు మర్చిపోవద్దు తమ్ముళ్ళూ. పాత రాయికి మెరుపు తేగలం, పాడైన ఊపిరితిత్తికి తేలేం.