ఒక మందు పనిచెయ్యకపోతే?



మొన్న మా పక్కవాటా పిన్నిగారు ఆస్పత్రి నుంచి వచ్చి, కాళ్ళయినా కడుక్కోకుండా మా వసారాలో కూలబడ్డారు. రొమ్ము కాన్సర్‌కి ఆపరేషనయి ఆరేళ్ళయింది. ఇప్పుడది ఎముకలకు పాకిందట. "ఇన్నాళ్ళూ మింగిన బిళ్ళ ఇక పనిచెయ్యదన్నారమ్మా. మందు మారుస్తారట. అంటే నా పని అయిపోయినట్టేగా?" అన్నారు.

కాదు పిన్నిగారూ అని చెప్పడానికి నాకు చరిత్రే సాయమొచ్చింది.

కొన్ని దేశాల్లో రైతులు, ఈనిన ఆవు చాలాకాలం పాలివ్వాలని దాని అండాశయాలు తీసేసేవారు. ఈ సంగతి స్కాట్లండు డాక్టరు జార్జి బీట్సన్‌ను ఆలోచనలో పడేసింది. అండాశయానికీ రొమ్ముకీ అంత సంబంధం ఉంటే, రొమ్ము కాన్సర్‌కీ ఉండాలి గదా! ముదిరిన కాన్సర్ ఉన్న స్త్రీకి అండాశయాలు తీసేస్తే కణితి కరిగిపోయిందని ఆయన 1896లో ప్రకటించారు. అయితే ఈ చికిత్స అందరికీ పనిచెయ్యలేదు. పనిచేసినవారికీ కొంతకాలానికి జబ్బు తిరగబెట్టేది. 1950ల్లో అలాంటివారికి అడ్రినల్ గ్రంథులు కూడా తీసేసేవారు. రెండో చికిత్స అంటే అప్పట్లో రెండో కోత అన్నమాట!

కొందరికే ఎందుకు పనిచేస్తుంది? చికాగోలో ఎల్వుడ్ జెన్సన్ దీని గుట్టు విప్పారు. కొన్ని కాన్సర్ కణాల్లో ఈస్ట్రోజన్ హార్మోను పట్టుకునే గ్రాహకాలు ఉంటాయి. గ్రాహకం తాళంకప్ప అయితే హార్మోను తాళంచెవి. ఆ కప్ప ఉన్న కాన్సర్‌కే హార్మోను చికిత్స పనిచేస్తుంది.

ఆ కప్పలో అడ్డుపుల్ల పెట్టే మందు టామాక్సిఫెన్. దీన్ని 1962లో ఇంగ్లండులో డోరా రిచర్డ్‌సన్ అనే రసాయన శాస్త్రవేత్త తయారుచేశారు. తీరా ఆ కంపెనీవారు వెతికింది గర్భనిరోధక మాత్ర కోసం! ఎలుకల్లో గర్భం రాకుండా ఆపిన మందు, ఆడవాళ్ళలో అండం విడుదలకే తోడ్పడింది. పథకం తలకిందులైంది. కానీ మాంచెస్టరులో ముదిరిన రొమ్ము కాన్సర్ రోగులకిస్తే కొందరికి గుణమిచ్చిందని 1971లో తెలిసింది. 1977లో అమెరికా అనుమతించింది.

అదీ ఆగిపోతే? ముట్లుడిగాక కూడా ఒంట్లోని కొవ్వులో అరోమటేజ్ అనే ఎంజైము ఈస్ట్రోజన్ తయారుచేస్తుంది. దాన్ని ఆపే మార్గం కోసం ఏంజెలా బ్రోడీ అనే శాస్త్రవేత్త ఏళ్ళ తరబడి కృషిచేశారు. అనాస్ట్రొజోల్ 1995లో, లెట్రొజోల్ 1997లో అమెరికాలో అనుమతి పొందాయి. 2002లో వచ్చిన ఫుల్వెస్ట్రంట్ ఇంజక్షను ఆ తాళంకప్పనే పాడుచేస్తుంది. 2015లో వచ్చిన పాల్బోసిక్లిబ్‌ను ఇలాంటి మందులకు జోడిస్తారు. హెర్-2 అనే మాంసకృత్తు ఎక్కువున్న రకానికి 1998లో ట్రాస్టుజుమాబ్ వచ్చింది.

మరి ఇన్నింటిలో ఏది? పక్కింటావిడకు పనిచేసింది మనకి పనిచెయ్యాలని లేదు. డాక్టర్లు చూసేవి ఇవి: గ్రాహకాలున్నాయా, ముట్లుడిగాయా, ఇదివరకు ఏ మందు ఎన్నాళ్ళు పనిచేసింది, జబ్బు ఎక్కడికి పాకింది. వీలైతే కొత్తచోటి ముక్క తీసి మళ్ళీ పరీక్షిస్తారు. జబ్బు స్వభావం మారి ఉండొచ్చు గదా. కాలేయం, ఊపిరితిత్తులు ప్రమాదంలో పడితే కీమోథెరపీ తొందరగా పట్టు దొరకబుచ్చుకోవచ్చు. లేకపోతే చాలామందికి హార్మోను మందులే ముందు. అవి నెమ్మది, బాధా తక్కువ.

ఒక్క మాట దాచకూడదు. ఇలా పాకిన జబ్బు సాధారణంగా పూర్తిగా నయం కాదు. మందులు దాన్ని అదుపులో ఉంచుతాయి, కొందరికి ఏళ్ళ తరబడి. అంచేత రోగికేం కావాలో కూడా లెక్కలోకి రావాలి. "ఈ మందు ఎందుకు? ఏం బాధలు పెడుతుంది? ఖర్చెంత? ఇది పనిచెయ్యకపోతే తరవాతేమిటి?" అని అడగడానికి మొహమాటపడకండి.

పిన్నిగారు ఈ నాలుగు ప్రశ్నలూ చాకలిపద్దు పుస్తకంలో రాసుకుని, కాళ్ళు కడుక్కుని, కాఫీ తాగి వెళ్ళారు. సోమవారం ఆస్పత్రికి నేనూ తోడు వెళుతున్నాను.