చూపు పోయాక కనిపెట్టిన పొయ్యి

1912లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి స్వీడన్ ఇంజనీరు గుస్తాఫ్ డాలెన్‌ను వరించింది. అందుకోవడానికి ఆయన వేదిక ఎక్కలేకపోయారు. ఆ ఏడాదే ఎసిటిలిన్ వాయువు మీద ప్రయోగం చేస్తుండగా పేలుడు జరిగి రెండు కళ్లూ పోయాయి. కంటి వైద్యుడైన సోదరుడు ఆల్బిన్ ఆయన తరఫున బహుమతి అందుకున్నారు. సముద్రంలో దీపస్తంభాలు కాపలా మనిషి అవసరం లేకుండా పొద్దుగుంకగానే వెలిగి, తెల్లారగానే ఆరిపోయేలా చేసిన ఘనత డాలెన్‌ది. నల్లటి కడ్డీ ఒకటి పగటి వెలుతురుకి వేడెక్కి, సాగి గ్యాసును మూసేస్తుంది. చీకటి పడితే మళ్లీ కుంచించుకుని దారి ఇస్తుంది. పనామా కాలువ దీపాలకూ ఈ ఏర్పాటే వాడారు.

చూపు పోయిన పదేళ్లకు, 1922లో, ఆయన వంటింటి కోసం ఒక పొయ్యి తయారుచేశారు. దాని పేరు ఆగా. ఆయన కంపెనీ పేరులోని పొడి అక్షరాలే అవి. భార్య ఎల్మా రోజంతా పొయ్యి దగ్గర పడుతున్న అవస్థ గమనించి ఈ పనికి పూనుకున్నారని చెబుతారు. ఈనాడు రేంజ్ కుక్కర్ కొనాలనుకునేవారు ధరలూ రంగులూ చూసే ముందు ఈ పొయ్యి కథ తెలుసుకోవాలి. ఎందుకంటే ఏ రేంజ్‌నైనా ఎంచుకునేటప్పుడు ఎదురయ్యే అసలు ప్రశ్న ఇందులోనే ఉంది. వేడిని ఎప్పుడూ సిద్ధంగా నిలవ ఉంచుకోవాలా, కావలసినప్పుడే రాజేసుకోవాలా?

పైన గిన్నెలు పెట్టే పలక, కింద ఓవెన్లు, అన్నీ ఒకే దిమ్మలో ఉండేదే రేంజ్. ఐరోపా వంటిళ్లలో అంతకుముందు నిప్పు బాహాటంగా మండేది, వేడిలో ఎక్కువ భాగం పొగగొట్టంలోంచి ఎగిరిపోయేది. 1790ల్లో మ్యూనిక్‌లో పనిచేసిన కౌంట్ రమ్‌ఫర్డ్ నిప్పును ఇటుకల మధ్య బంధించి, గిన్నెకో రంధ్రం పెట్టి, గాలిని తగ్గించి పెంచే తలుపులు అమర్చారు. తర్వాతి శతాబ్దంలో బ్రిటన్ ఇళ్లకు పోత ఇనుప రేంజ్‌లు వచ్చాయి. వాటితో చాకిరీ మాత్రం తగ్గలేదు. తెల్లారకముందే లేచి బూడిద తీయాలి, నల్లపొడి రుద్ది ఇనుము మెరిపించాలి, రోజంతా బొగ్గు వేస్తూనే ఉండాలి. ఆ పనంతా ఇంటి పనమ్మాయిల మీద పడేది.

డాలెన్ ఆ చాకిరీని చాలావరకు తీసేశారు. ఆగాలో చిన్న నిప్పు రాత్రింబవళ్లు ఆరకుండా ఉంటుంది. ఆ వేడి మందపాటి పోత ఇనుములోకి ఎక్కుతుంది. చుట్టూ వేడిని బయటికి పోనివ్వని మట్టి కూరి ఉంటుంది. వేడి పెరిగితే గాలి దానంతటదే తగ్గేలా, తగ్గితే పెరిగేలా థర్మోస్టాట్ ఉంటుంది. పైన రెండు గుండ్రటి పలకలు, ఒకటి గబగబా మరిగించడానికి, ఒకటి సన్నసెగకి. వాటిపై బరువైన మూతలు. తిప్పడానికి మరలు లేవు. సెగ తగ్గించాలంటే గిన్నెను ఆ పలక మీంచి ఈ పలక మీదికి జరపడమే. మన పల్లెల్లో పిడకల నిప్పు మీద, దాలిగుంటలో పాలకుండ పెట్టి వదిలేస్తే సాయంత్రానికి ఎర్రటి మీగడ కట్టేది కదా, ఆగా ఓవెన్ నడిచేదీ ఆ తీరునే.

1929లో ఇది బ్రిటన్‌కి చేరింది. తర్వాతి కాలంలో ప్రకటనల రంగంలో దిగ్గజంగా పేరుపొందిన డేవిడ్ ఒగిల్వీ కుర్రతనంలో స్కాట్లాండ్‌లో ఇంటింటికీ తిరిగి దీన్ని అమ్మారు. 1935లో తోటి అమ్మకందారుల కోసం ఆయన రాసిన చిన్న పుస్తకం ఈ రంగంలో ఇప్పటికీ చెప్పుకునేంత ప్రసిద్ధి పొందింది.

పొగ, ఇంధనం, ఆడవాళ్ల కష్టం అనే సమస్య మన దగ్గరా ఒకరిని పట్టి కుదిపింది. హైదరాబాద్ ఇంజనీరింగ్ పరిశోధనశాలలో ఎస్.పి.రాజు మట్టితోనే పొగలేని పొయ్యి రూపొందించి, 1953లో దాని మీద పుస్తకం ప్రచురించారు. నిప్పును మూసిపెట్టి, ఒకే మంట మీద వరసగా గిన్నెలు పెట్టి, పొగను గొట్టంలోంచి బయటికి పంపే ఆ పొయ్యి రమ్‌ఫర్డ్ ఆలోచనకు దగ్గరి చుట్టం. ఇనుము కొనలేని ఇంటికి పనికొచ్చిందన్న లెక్కన చూస్తే నా దృష్టిలో రాజు చేసింది డాలెన్ పనికి తీసిపోదు.

ఆగా క్రమంగా నూనెకు, గ్యాసుకు, కరెంటుకు మారింది. పొదుపు కోసం పుట్టిన పొయ్యి కాస్తా పెద్దింటి హోదాకి గుర్తయింది. మంచు దేశపు రాతి ఇంట్లో అది వంటగదిని వెచ్చబెడుతుంది, తడిబట్టలూ ఆరబెడుతుంది. వేసవిలో ఆ వేడే నరకం, బిల్లు భారం. 2022లో ఇంధనం ధరలు మండిపోయినప్పుడు బ్రిటన్‌లో చాలామంది తమ ఆగాలను ఆర్పేసుకున్నారు. 1709లో అబ్రహాం డార్బీ కోక్‌తో ఇనుము కరిగించిన కోల్‌బ్రూక్‌డేల్‌లో ఆగా పోతలు పోసిన కర్మాగారం 2017లో మూతపడింది.

బ్రిటన్‌లోనో ఐర్లాండ్‌లోనో పాత ఇల్లు కొంటున్న తెలుగువారికి వంటింట్లో ఆగా తారసపడవచ్చు. నెమ్మదిగా ఉడికే మాంసం కూరకి, పప్పుకి, పాలు మరగడానికి దాన్ని మించింది లేదు. ఇరవై దోసెలు వరసగా పోయాలంటే మాత్రం కష్టం. మూత తెరిచి ఉంచినకొద్దీ పలక చల్లబడుతుంది, మళ్లీ వేడెక్కడానికి సమయం పడుతుంది. పోపు మాడిపోతోందని మంట తగ్గిద్దామన్నా తిప్పే మర ఉండదు. కొత్తగా కొనేవారైతే పైన గ్యాసు మంటలు, కింద కరెంటు ఓవెన్లు ఉన్న రేంజ్ మన వంటకి సరిపోతుంది. సాధారణంగా 90, 100, 110 సెంటీమీటర్ల వెడల్పుల్లో దొరుకుతాయి. మధ్యలో పెద్ద మంట ఉందో లేదో, మీ పెనమూ కుక్కరూ పక్కపక్కన పడతాయో లేదో చూడండి. వీలైతే మీ పెనాన్నే దుకాణానికి తీసుకెళ్లి పెట్టి చూడండి. పొగ లాగే చిమ్నీకి కొంత డబ్బు విడిగా తీసిపెట్టుకున్నాకే బయానా ఇవ్వండి.