డమాస్కస్ రేజర్: పేరు డమాస్కస్‌ది.. మూలం మన ఉక్కుది! ఆన్‌లైన్‌లో అమ్మేది అసలుదేనా?

తాతల కాలం నాటి గడ్డం గీసే మడత కత్తికి మళ్లీ గిరాకీ వచ్చింది. బ్లేడు మీద నీటి అలల్లాంటి చారలు, పక్కన 'డమాస్కస్ స్టీల్' అన్న పేరు. చూడగానే ఆర్డర్ పెట్టేయాలనిపిస్తుంది. కానీ ఆ పేరు వెనకున్న ఉక్కు ఒకప్పుడు నిజాం రాజ్యంలోని పల్లెల్లో తయారైంది. మరి ఇప్పుడు అమ్ముతున్నది అదేనా? ఆర్డర్ కొట్టే ముందు ఈ విషయాలు తెలుసుకోండి.

పాతబస్తీలో చూడొచ్చు

అసలు చారలు ఎలా ఉంటాయో తెలియాలంటే దారుల్‌షిఫాలోని సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లాలి. ఆయుధాల గ్యాలరీలో మొఘలుల కాలం నుంచి ఆసఫ్ జాహీల దాకా రకరకాల కత్తులున్నాయి. పాత బ్లేడ్ల మీద సన్నగా, నీడలా కనిపించే అలలను ఉర్దూ, పర్షియన్ భాషల్లో 'జౌహర్' అంటారు. ఇది పైన వేసిన డిజైన్ కాదు. ఉక్కు చల్లారేటప్పుడు, ఆ తర్వాత సాగగొట్టేటప్పుడు లోపలి నుంచే ఏర్పడేది.

కోనసముద్రం నుంచి లండన్ దాకా

నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఈ ఉక్కుకు పేరుపడ్డ ఊరు. ఇనుమును మట్టి మూసలో పెట్టి, మూత బిగించి, బట్టీలో గంటల తరబడి కాల్చేవారు. నెమ్మదిగా చల్లారాక ఉక్కు ముద్ద బయటికొచ్చేది. వాటిని కొనడానికి పర్షియా వ్యాపారులు ఇక్కడికే వచ్చేవారు. నిజాం రాజ్యంలో సర్వేకు వచ్చిన బ్రిటిష్ డాక్టర్ హెన్రీ వోయ్‌సే ఈ పద్ధతినంతా రాసిపెట్టారు. ఆయన 1824లో చనిపోయారు, ఆ రాతలు 1832లో అచ్చయ్యాయి.

ఇంగ్లిష్‌లో దీన్ని 'వూట్జ్' అంటారు. ఆ మాట మన 'ఉక్కు' నుంచే పుట్టిందని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. తమిళనాడు, కర్ణాటక, శ్రీలంకల్లోనూ ఇలాంటి ఉక్కు చేసేవారు. కాబట్టి ఘనత అంతా ఒక్క ఊరిదే అనలేం.

రేజర్‌తో లింకేంటి?

1795లో జార్జ్ పియర్సన్ లండన్ రాయల్ సొసైటీ ముందు వూట్జ్ మీద పరిశోధన పత్రం పెట్టారు. లండన్‌లో కత్తులు, సర్జరీ పరికరాలు చేసే జేమ్స్ స్టోడార్ట్‌కు ఈ ఉక్కు తెగ నచ్చేసింది. తర్వాత ఆయన, ప్రముఖ శాస్త్రవేత్త మైఖేల్ ఫారడే కలిసి అలాంటి ఉక్కును తయారుచేయాలని ప్రయోగాలు చేశారు. 1820, 1822లో ఫలితాలు ప్రకటించారు. ఫారడే తన ఉక్కుతో చేయించిన రేజర్లను స్నేహితులకు బహుమతిగా ఇచ్చేవారట!

ఉక్కులో 500వ వంతు వెండి కలిపితే బాగుందని వాళ్లు రాశారు. ఆ తర్వాత 'సిల్వర్ స్టీల్' అన్న ముద్రతో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ రేజర్లు మార్కెట్‌ను ముంచెత్తాయి. ఇవాళ సిల్వర్ స్టీల్ పేరుతో దొరికే ఉక్కులో వెండే ఉండదు. మిగిలింది మెరుపు, పేరు. అంటే పేరు ఒకటి, సరుకు ఒకటి అన్న తంతు రెండు వందల ఏళ్ల నాటిదే.

మళ్లీ చేయగలిగారా?

19వ శతాబ్దం చివరికల్లా మన పల్లెల్లో ఈ పని దాదాపు ఆగిపోయింది. చౌకైన యూరప్ ఉక్కు వచ్చి పడటం ఒక ముఖ్య కారణం. పని ఆగాక నేర్పేవాళ్లూ లేకుండా పోయారు.

1990ల్లో అమెరికా శాస్త్రవేత్త జాన్ వెర్హోవెన్, కమ్మరి ఆల్ఫ్రెడ్ పెండ్రే కలిసి ఆ చారలున్న బ్లేడ్లను మళ్లీ చేసి చూపించారు. ఖనిజంలో అతి కొద్దిగా ఉండే వెనేడియం లాంటి మూలకాలే చారలకు కీలకమని తేల్చారు. అంటే పద్ధతి తిరిగొచ్చింది, ఊరు మాత్రం వేరు. దాన్ని అసలుదనొచ్చా? పద్ధతి పరంగా అనొచ్చు. కోనసముద్రం పేరు పెట్టి అమ్మితే మాత్రం తప్పు.

జర్మనీలోని జోలింగెన్ పట్టణం ఈ గొడవకు చట్టంతో చెక్ పెట్టింది. తయారీలో ముఖ్యమైన దశలన్నీ అక్కడే జరిగితేనే కత్తి మీద 'జోలింగెన్' అని ముద్ర వేయాలి. 1938 నుంచే ఆ పేరుకు చట్టం రక్షణ ఉంది. 'డమాస్కస్' అన్న పేరుకు అలాంటి కాపలా లేదు, ఎవరైనా వాడేసుకోవచ్చు.

కొనేముందు ఇవి చూడండి

* '67 పొరలు' లాంటి లెక్క రాసి ఉంటే అది రెండు రకాల ఉక్కును పొరలుగా అతికించి చేసింది. మంచి కత్తే కావచ్చు, పాతకాలం వూట్జ్ మాత్రం కాదు.

* చారలు బ్లేడు పక్కలకే ఉండి, వీపు మీద అస్సలు కనిపించకపోతే అనుమానించాలి. యాసిడ్‌తోనో లేజర్‌తోనో పైపైన వేసినవి అరగదీస్తే పోతాయి.

* ఏ ఉక్కు, ఎవరు కొట్టారు, ఎక్కడ కొట్టారు.. ఈ మూడూ అడగండి. జవాబు రాకపోతే కేవలం పేరుకే డబ్బులిస్తున్నట్టు.

* పాత బ్రాండ్ మళ్లీ వచ్చిందంటే పాత వర్క్‌షాప్ తెరుచుకుందని కాదు. ఒక్కోసారి పేరు హక్కులు మాత్రమే చేతులు మారతాయి.

ఇంకో మాట. గడ్డం నున్నగా గీసేది చారలు కాదు. ఉక్కుకు సరిగ్గా పదును పెట్టడం, తోలు పట్టీ మీద రుద్దడం, పట్టుకునే చేతి నేర్పు.. ఇవే ముఖ్యం. సెలూన్‌లో అయితే కత్తి ఏ బ్రాండ్‌దైనా, మీకోసం కొత్త బ్లేడు వేశారో లేదో ముందు చూసుకోండి.