ప్రజాభిప్రాయాన్ని కొలవడం ఎట్లా? – జపాను అనుభవం

1973వ సంవత్సరంలో జపాను ప్రభుత్వం ప్రజల జీవనాన్ని గురించి జరిపిన సర్వేలో ఒక చిన్న ప్రశ్న ఉన్నది. లోకంలో నలుగురితో పోల్చి చూసుకొంటే మీ కుటుంబ జీవనస్థాయి ఏ మెట్టు మీద ఉన్నదని ఆ ప్రశ్న. జవాబు చెప్పడానికి అయిదు మెట్లు చూపారు: పైస్థాయి, మధ్యస్థాయిలో పైది, మధ్యస్థాయిలో నడిమిది, మధ్యస్థాయిలో క్రిందిది, క్రిందిస్థాయి. నూటికి 90 మంది మధ్యమెట్లు మూడింటిలో ఏదో ఒకదానిని ఎన్నుకొన్నారు. అప్పటి జపాను జనాభా పదికోట్లకు పైగా ఉన్నది. "పదికోట్ల మందీ మధ్యతరగతివారే" అనే మాట ఆ దేశంలో నానుడిగా స్థిరపడింది.

ఒక దేశంలో నూటికి 90 మంది మధ్యతరగతివారు కావడం సాధ్యమేనా? కొన్ని వేల మందిని అడిగి కోట్ల మంది మాట ఇదేనని ఎట్లా చెప్పగలిగారు? ఈ రెండు ప్రశ్నలకు సమాధానం దొరకాలంటే జపానులో సర్వేలు పుట్టి పెరిగిన తీరును కొంత పరిశీలించాలి.

తొలి ప్రయత్నాలు

జపానులో సామాన్యుల జీవనాన్ని అంకెలలో పట్టుకొనే ప్రయత్నం మొదట ఖర్చుల పుస్తకంతో ప్రారంభమయింది. 1916లో టోక్యో ఇంపీరియల్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు తకానో ఇవాసబురో టోక్యో నగరంలోని 20 కార్మిక కుటుంబాల ఆదాయవ్యయాలను పరిశీలించాడు. బియ్యానికి ఎంత, అద్దెకు ఎంత, పిల్లల చదువుకు ఎంత అని ఆ కుటుంబాలచేతనే వ్రాయించాడు. రెండేండ్ల తరువాత, 1918లో, బియ్యం ధరలు పెరిగి దేశమంతటా అల్లర్లు చెలరేగాయి. పేదల ఇంటి ఖర్చును తెలుసుకోవడం పండితుల కుతూహలం మాత్రమే కాదనీ, పాలకులకు అవసరమనీ అప్పుడు తెలిసివచ్చింది. 1920లో తొలి జనాభా లెక్కలు జరిగాయి. 1926–27లో ప్రభుత్వమే కుటుంబ బడ్జెట్ల సర్వే నిర్వహించింది.

ఇదే కాలంలో కోన్ వాజిరో అనే వాస్తుశాస్త్ర ఆచార్యుడు మరొక మార్గం పట్టాడు. 1923 నాటి భూకంపంలో ధ్వంసమయిన టోక్యో తిరిగి లేస్తున్న రోజులవి. 1925 మే నెలలో అతడూ, అతని సహచరులూ గింజా వీధిలో నిలబడి, వచ్చేపోయేవారి దుస్తులను ఒక్కొక్కరినే చూసి గుర్తు పెట్టుకొన్నారు. మగవారిలో నూటికి 67 మంది పాశ్చాత్య దుస్తులలో కనిపించగా, ఆడవారిలో నూటికి ఒక్కరు మాత్రమే అట్లా కనిపించారు. దేశం ఆధునికమయిపోయిందని అందరూ అంటున్న సమయంలో ఆ మార్పు ఇంటిలో సగంమందిని ఇంకా తాకలేదని ఈ లెక్క చూపింది.

ఈ ప్రయత్నాలు ఎంత గొప్పవయినా వీటికి ఒక పరిమితి ఉన్నది. ఖర్చు వ్రాయడానికి ఒప్పుకొన్న 20 కుటుంబాలు కార్మికులందరికీ ప్రతినిధులు కారు. గింజాలో షికారు చేసేవారు పల్లెలో నాట్లు వేసేవారికి ప్రతినిధులు కారు.

మెతుకు పట్టి చూడడం

అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి కుండ అంతా చూడనక్కరలేదు, ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునని మన పెద్దలంటారు. కుండలో మంట అన్ని మెతుకులకూ ఒకే విధంగా తగిలినప్పుడే ఈ మాట నిజం. సమాజం అట్టి కుండ కాదు. అడుగున మాడిన మెతుకులూ ఉంటాయి, పైన పలుకుగా ఉన్నవీ ఉంటాయి. కనుక మెతుకులను ఎవరి ఇష్టానుసారం వారు కాక, చీట్లు వేసినట్లుగా, ప్రతి మెతుకుకూ ఎన్నిక అయ్యే అవకాశం ఉండేటట్లు తీయాలి. దీనినే యాదృచ్ఛిక ప్రతిచయనం అంటారు.

ఈ పద్ధతిని జపాను దేశవ్యాప్తంగా ప్రయోగించి చూసినది 1948లో. యుద్ధంలో ఓడిపోయిన ఆ దేశం అప్పుడు మిత్రరాజ్యాల సేనల ఆధీనంలో ఉన్నది. జపాను లిపిలోని వేలకొలది చైనా అక్షరాలు సామాన్యులకు విద్యను దూరం చేస్తున్నవనీ, వాటికి బదులు రోమన్ లిపిని ప్రవేశపెట్టాలనీ 1946లో అమెరికా విద్యా ప్రతినిధివర్గం సూచించింది. జపాను ప్రజలలో నిజంగా ఎందరికి చదవడం, వ్రాయడం వచ్చు? దీనిని తేల్చడానికి 15 నుండి 64 ఏండ్ల వయసుగలవారికి పరీక్ష పెట్టాలని నిర్ణయించారు. ఆ రోజులలో తిండిగింజలు రేషను మీదనే దొరికేవి కనుక దాదాపు ప్రతి కుటుంబం వివరాలూ రేషను పుస్తకాలలో ఉండేవి. ఆ పుస్తకాలనుండే యాదృచ్ఛికంగా పేర్లు తీశారు. సుమారు 16,800 మంది పరీక్ష వ్రాశారు. పేర్లు తీసే పద్ధతిని రూపొందించినవారిలో సాంఖ్యక శాస్త్రజ్ఞుడు హయాషి చికియో ఒకడు.

ఒక్క ప్రశ్నకూ జవాబు వ్రాయలేనివారు నూటికి ఇద్దరికి లోపే అని తేలింది. అన్నింటికీ సరిగా వ్రాసినవారు కూడా నూటికి పదిమందికి లోపే. ఫలితాలను మార్చవలసిందిగా ఒక అమెరికా అధికారి తనకు సూచించాడనీ, తాను ఒప్పుకోలేదనీ సర్వేలో పాల్గొన్న భాషాశాస్త్రజ్ఞుడు షిబతా తకేషి తరువాతి కాలంలో చెప్పాడు. రోమన్ లిపి ప్రతిపాదన క్రమంగా వెనుకబడింది. ఒక జాతి లిపిని గురించిన వివాదంలో ఎవరి ఊహలమీదనో ఆధారపడకుండా, చీట్లు వేసి తీసిన పేర్లు సాక్ష్యం చెప్పాయన్నమాట.

ఇక్కడ విద్యార్థులు గమనింపదగిన విషయం ఒకటి ఉన్నది. యాదృచ్ఛికంగా తీసిన 1,000 మందిని అడిగి, నూటికి 50 మంది ఔనన్నారని తేలితే, అసలు విలువ దానికి అటూ ఇటూ సుమారు 3 శాతం లోపల ఉంటుందని చాలవరకు నమ్మవచ్చు. 4,000 మందిని అడిగితే ఈ తేడా సుమారు ఒకటిన్నరకు తగ్గుతుంది. అనగా తేడాను సగం చేయాలంటే నాలుగింతల మందిని అడగాలి. దేశ జనాభా కోటి అయినా పదికోట్లు అయినా ఈ లెక్క దాదాపు మారదు. జపాను సర్వేలలో ముందు ఊళ్ళను, తరువాత ఆ ఊళ్ళలో మనుషులను తీస్తారు కనుక తేడా కొంచెం ఎక్కువ కావచ్చును. కోట్లమంది మాటను కొన్ని వేలమందినుండి తెలుసుకోవడంలోని రహస్యం ఇంతే. సుమారు అదే కాలంలో, 1950లో, మహలనోబిస్ మార్గదర్శకత్వంలో భారతదేశం జాతీయ నమూనా సర్వేను ప్రారంభించింది.

గడపలోకి వచ్చిన ప్రశ్న

1950వ దశకంలో జపాను ఇంటింటికీ ప్రశ్నాపత్రాలు బయలుదేరాయి. 1946లో ధరల పరిశీలనగా మొదలయిన కుటుంబ ఖర్చుల సర్వే, 1953లో నేటి పేరు పొందింది. ఎన్నికయిన కుటుంబాలు ఆరేసి నెలలపాటు ప్రతిరోజూ ఖర్చు వ్రాస్తాయి. ఒంటరిగా ఉండేవారయితే మూడు నెలలు వ్రాస్తే చాలు. ఈ లెక్కల వల్ల చిత్రమయిన ప్రయోజనాలు కూడా కలిగాయి. గ్యోజా అని జపానులో ఒక తినుబండారం ఉన్నది. పలుచని పిండి రేకులో మాంసమూ కూరగాయలూ పెట్టి కజ్జికాయవలె మడిచి వేయిస్తారు. దానిమీద అందరికంటె ఎక్కువ ఖర్చు చేసేది తమవారేనని ఉత్సునోమియా నగరం 1990లో ఈ లెక్కలలో గమనించి, ఆ పేరుతోనే యాత్రికులను ఆకర్షించింది. అయితే హోటలులో కూర్చొని తిన్న గ్యోజాలు ఈ లెక్కలోకి రావు. ఏది లెక్కలో చేర్చాలో, ఏది విడువాలో ముందుగా చేసుకొన్న నిర్ణయంమీద అంకె ఆధారపడుతుందని దీనివల్ల తెలుస్తుంది.

1957లో వినియోగదారుల సర్వే ప్రారంభమయింది. ఆ సంవత్సరం వ్యవసాయేతర కుటుంబాలలో నూటికి సుమారు 20 ఇళ్ళలో బట్టలుతికే యంత్రం, 8 ఇళ్ళలో టెలివిజను, 3 ఇళ్ళలో రిఫ్రిజిరేటరు ఉన్నవి. జపాను చక్రవర్తుల రాజచిహ్నాలయిన అద్దం, ఖడ్గం, మణి పేరు మీదుగా ఈ మూడు వస్తువులను జనం "మూడు పవిత్ర నిధులు" అని హాస్యంగా పిలిచారు. 1965 నాటికి నూటికి 95 ఇళ్ళలో టెలివిజను చేరింది. ఈ సర్వేలో వస్తువులతో పాటు ఆశలను కూడా అడుగుతారు. రాబోయే ఆరు నెలలలో మీ జీవనం మెరుగవుతుందా, ఆదాయం పెరుగుతుందా, ఉద్యోగాల స్థితి ఎట్లా ఉంటుంది, పెద్ద వస్తువులు కొనడానికి ఇది అనువయిన సమయమేనా అనేవి ప్రశ్నలు. జవాబులన్నిటినీ కలిపి సున్న నుండి 100 వరకు ఒక సూచికగా మారుస్తారు. అందరూ "మార్పు లేదు" అంటే సూచిక 50 అవుతుంది.

మనసులోని విలువలను కొలిచే సర్వే వీటికంటె ముందే, 1953లో, సాంఖ్యక గణిత పరిశోధనా సంస్థలో హయాషి, అతని సహచరుల పూనికతో మొదలయింది. దీనిని అయిదేండ్లకొకసారి, సాధ్యమయినంతవరకు అవే ప్రశ్నలతో జరుపుతారు. పిల్లలు లేకపోతే వంశం నిలవడానికి పరాయి బిడ్డనయినా దత్తు తీసుకోవాలా అని అడిగితే, 1953లో నూటికి 73 మంది తీసుకోవాలన్నారు. 2013 నాటికి ఆ మాట అన్నవారు సుమారు 20 మంది. మళ్ళీ జన్మంటూ ఉంటే మగవానిగా పుడతారా, ఆడదానిగా పుడతారా అనే ప్రశ్నకు 1958లో స్త్రీలలో నూటికి 64 మంది మగవానిగానే పుడతామన్నారు. 2013లో 71 మంది ఆడదానిగానే పుడతామన్నారు. అరవై ఏండ్లపాటు ప్రశ్నను మార్చకుండా నిలిపినందువల్లనే, మారినది సమాజమని చెప్పగలుగుతున్నాము.

90 అనే అంకె వెనుక

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాము. జీవనస్థాయిని గురించిన ప్రశ్నను ప్రభుత్వం 1958 నుండి దాదాపు ఏటా అడుగుతూ వచ్చింది. 1958లో మధ్యమెట్లను ఎన్నుకొన్నవారు నూటికి 72 మంది, క్రిందిస్థాయి అన్నవారు 17 మంది. 1973లో మధ్యవారు 90కి చేరారు. ఈ 15 ఏండ్లలో జపాను నిజంగానే సంపన్నమయింది. 1977లో ఆర్థికశాస్త్రవేత్త మురకామి యాసుసుకే ఒక కొత్త మధ్యశ్రేణి జనసమూహం ఏర్పడిందని వాదించగా, పండితుల మధ్య పెద్ద చర్చ జరిగింది.

విమర్శకులు ముందుగా మెట్లను లెక్కపెట్టారు. అయిదింటిలో మూడింటికి "మధ్య" అనే పేరు ఉన్నది. సామాజిక శాస్త్రజ్ఞులు 1955 నుండి పదేండ్లకొకసారి జరిపే మరొక సర్వేలో "మధ్య" అనే మెట్లు రెండు, "క్రింది" అనే మెట్లు రెండు. 1975లో ఆ సర్వేలో తాము మధ్యవారమన్నవారు నూటికి సుమారు 75 మంది మాత్రమే. అందులో పురుషులను మాత్రమే ప్రశ్నించారు కనుక రెంటినీ సూటిగా పోల్చరాదు. అయినా మెట్ల పేర్లు జవాబును ఒక ప్రక్కకు లాగగలవని అర్థమవుతుంది.

ఇంతకంటె బలమయిన సాక్ష్యం కాలమే చెప్పింది. 1973 చివర చమురు సంక్షోభం వచ్చింది. 1990వ దశకంలో జపాను ఆర్థిక వ్యవస్థ కుంగిపోయింది, స్థిరమయిన కొలువులు తగ్గాయి. అయినా మధ్యవారమనే వారి సంఖ్య 90 దగ్గరనే నిలిచింది. ఎండకూ చలికీ కదలని పాదరసం ఉష్ణోగ్రతను కొలుస్తున్నదని ఎవరూ అనరు. ఆ ప్రశ్న సంపదను కొలవడం లేదు. "నలుగురితో పోల్చి" అన్నప్పుడు ప్రతివాడూ తన ప్రక్కింటివారిని తలచుకొంటాడు. ప్రక్కింటివారు కూడా ఇంచుమించు తనవంటివారే.

అడిగేవారు ఎదుట లేనప్పుడు

ఇటీవల మరొక పాఠం ఎదురయింది. ప్రభుత్వ సర్వేలో పూర్వం ప్రశ్నకర్త స్వయంగా ఇంటికి వచ్చి అడిగేవాడు. 2019లో నూటికి సుమారు 74 మంది తమ జీవనం తృప్తిగా ఉన్నదన్నారు. కోవిడ్ వ్యాధి కారణంగా 2020లో సర్వే జరగలేదు. 2021లో ప్రశ్నాపత్రాలు తపాలాలో పంపారు. తృప్తిగా ఉన్నామన్నవారు 55కు దిగిపోయారు. వ్యాధి తెచ్చిన కష్టమా? గడపలో ఎదురుగా నిలబడిన మనిషితో మొగమాటానికి చెప్పే జవాబు కాగితానికి చెప్పనక్కరలేకపోవడమా? రెండు కారణాలూ ఒకేసారి మారినందువల్ల ఏది ఎంతో ఈ రెండు అంకెలనుండి విడదీయలేము. ప్రయోగశాలలో ఒకసారికి ఒక్క అంశాన్నే మార్చాలని ఎందుకు అంటారో దీనివల్ల తెలుస్తుంది. జవాబు చెప్పేవారు కూడా తగ్గిపోతున్నారు. 1953 నాటి విలువల సర్వేలో ఎన్నికయినవారిలో నూటికి 83 మంది జవాబిచ్చారు, 2013లో 50 మంది మాత్రమే ఇచ్చారు. జవాబివ్వని సగంమంది ఇచ్చినవారివంటివారేనా అనే సందేహాన్ని ఎంత పెద్ద నమూనా అయినా తీర్చలేదు.

ఈ విషయాన్ని ఉన్నత పాఠశాలలో సులభంగా పరీక్షించవచ్చును. ఒకటి రెండు తరగతుల విద్యార్థులను చీట్లు వేసి రెండు జట్లు చేయాలి. మీ చదువు ఏ స్థాయిలో ఉన్నదని రెండు జట్లనూ అడగాలి. మొదటి జట్టు కాగితంమీద మూడు "మధ్య" మెట్లు, రెండవదానిమీద రెండే "మధ్య" మెట్లు, రెండు "క్రింది" మెట్లు ఉంచాలి. పేర్లు వ్రాయనక్కరలేదు. జట్లు చీట్లతో ఏర్పడినవి కనుక, జవాబులలో పెద్ద తేడా వస్తే దానికి కారణం చాలవరకు ప్రశ్నాపత్రమే అయి ఉంటుంది. ఆ రెండు అంకెలనూ నల్లబల్లమీద ప్రక్కప్రక్కన వ్రాసిన తరువాత, పదికోట్లమంది మధ్యతరగతివారి కథను విద్యార్థులకు చెప్పవచ్చును.